టీచర్‌కు క్లాసులోనే నేర్పడం ఎలా? భవిత సెంటర్ల వాళ్ల కోసం ఒక పది నిమిషాల పద్ధతి

ఆదోని నుంచి ఒకరు, రాయదుర్గం నుంచి ఒకరు, బద్వేలు నుంచి ఇంకొకరు. వైకల్యం ఉన్న పిల్లల కోసం నడిచే భవిత సెంటర్లలో పనిచేసేవాళ్లు వీళ్లు. ఊరు మారుతుంది గానీ అడిగేది ఒకటే. "సార్, మూడు దినాలు ట్రైనింగ్ బాగా ఇచ్చినాం. టీచర్లు కూడా బాగుందన్నారు. నెల తర్వాత బడికి పోయి చూస్తే ఆ పిల్లోడు అదే మూల, అదే పలక. ఇంక ఏం చేయాల?"

ఇంకో ట్రైనింగ్ పెట్టకండి. ముందు చెప్పేది అదే. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే అమెరికా విద్యా పరిశోధకులు 1980ల నుంచే ఈ మాట చెప్పారు. ఉపన్యాసం ఎంత బాగున్నా, క్లాసులోకి వచ్చి చూసి సరిదిద్దే మనిషి లేకపోతే నేర్చుకున్నది పిల్లల దాకా రావడం చాలా తక్కువ. ఆ సరిదిద్దే పనినే కోచింగ్ అంటున్నాం. మన సీమలో కోచింగ్ అనగానే నంద్యాల బ్యాంకు కోచింగో, డీఎస్సీ కోచింగో గుర్తొస్తుంది. ఇది అది కాదు. ఇక్కడ ఒకే టీచర్, ఒకే పిల్లవాడు, ఒకే పద్ధతి. రోజుకు పది నిమిషాలు.

ఇది ముఖ్యంగా ఐఈఆర్‌పీల కోసం, అంటే భవిత సెంటర్లలో ఉంటూ బడులకు తిరిగే ప్రత్యేక విద్య టీచర్ల కోసం రాస్తున్నాను. హెచ్‌ఎంలు, సీఆర్‌పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) కూడా వాడుకోవచ్చు.

కావలసినవి

- ఒక రూళ్ల నోట్‌బుక్, పెన్ను, ఒక కార్బన్ పేపర్. కార్బన్ ఎందుకో తర్వాత చెబుతాను.
- టైమర్ ఉన్న ఫోన్. సైలెంట్‌లో పెట్టండి.
- పాత క్యాలెండర్ అట్టతో చేసిన ఐదు కార్డులు.
- హెచ్‌ఎం అనుమతి. టీచర్ ఒప్పుకోలు దీనికంటే ముఖ్యం. హెచ్‌ఎం చెప్పాడని ఒప్పుకున్న టీచర్‌తో రెండో వారానికే పని ఆగిపోతుంది.
- వారానికి ఒకసారి ఆ బడికి వెళ్లే వీలు, కనీసం ఆరు వారాలు.

ల్యాప్‌టాప్, పీపీటీ అక్కర్లేదు. ఖరీదైన టీఎల్‌ఎం (బోధన సామగ్రి) కిట్ బీరువాలోనే ఉండనివ్వండి.

ముందు పద్ధతి ఎంచుకోండి

ఆధారాలున్న పద్ధతి అంటే ఎవరో గొప్పగా చెప్పింది కాదు. పిల్లల మీద ముందు, తర్వాత కొలిచి, ఒకటి కంటే ఎక్కువ బృందాలు వేర్వేరు చోట్ల చేసి చూసినా ఫలితం వచ్చినది. ఆటిజం వరకే తీసుకుంటే, అమెరికాలో పరిశోధనలన్నీ జల్లెడ పట్టిన బృందమొకటి 2020లో 28 పద్ధతులకు తగిన ఆధారాలున్నాయని తేల్చింది. మనకు 28 అక్కర్లేదు. మండలంలో తిరిగేవాళ్లకు నాలుగు చేతిలో ఉంటే చాలు.

మాటలు, అంకెలు, బొమ్మల పేర్లు నేర్పడానికి "ఆగి చెప్పడం". దీన్నే టైమ్ డిలే అంటారు. చేతులు కడుక్కోవడం, ప్లేటు కడగడం లాంటి పనులకు పనిని ముక్కలు చేసి నేర్పడం. లెక్కలకు "నేను చేస్తా, ఇద్దరం చేద్దాం, నువ్వు చెయ్". ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడు ఏడ్చే పిల్లలకు గోడ మీద వరుసగా అంటించిన బొమ్మల టైంటేబుల్.

"ఈ పిల్లోడు చూసి నేర్చుకునే రకం, ఆ పిల్ల విని నేర్చుకునే రకం" అని విడదీసి బోధించే పద్ధతి ఇప్పటికీ చాలా ట్రైనింగుల్లో వినిపిస్తుంది. అలా విడదీసి చెబితే పిల్లలు ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదు. దాని మీద టైం పెట్టకండి.

ఈ వ్యాసంలో ఉదాహరణకు "ఆగి చెప్పడం" తీసుకుంటున్నాను. చూడ్డానికి ఇదే అన్నిటికంటే సులువు. ఎక్కువ మంది తప్పు చేసేది కూడా ఇందులోనే.

1. మొదటి రోజు చూడండి, లెక్కపెట్టండి, అంతే

వెనక కూర్చోండి. టైమర్ పది నిమిషాలు పెట్టండి. రెండే రెండు లెక్కపెట్టండి. ఆ పిల్లవాడికి జవాబు చెప్పే అవకాశం ఎన్నిసార్లు వచ్చింది? అడిగాక టీచర్ ఎన్ని సెకన్లు ఆగారు?

పత్తికొండ వైపు ఒక బడిలో నేను మొదటిసారి లెక్కపెట్టినప్పుడు మొదటి దానికి సున్నా వచ్చింది. టీచర్ చెడ్డవాళ్లేం కాదు. మంచి మనిషి, పిల్లవాడికి తన టిఫిన్ బాక్సులోంచి ఉగ్గాని పెట్టే మనిషి. కానీ ఆ పది నిమిషాల్లో ఆయన వాణ్ణి ఏమీ అడగలేదు. ఆయనకు ఆ సంగతే తెలియదు. నేను సున్నా అని చూపిస్తే, "అవునా సార్? నాకు తోచనే లేదే!" అన్నారు. ట్రైనింగ్ హాల్లో మూడు రోజుల్లో రాని మార్పు ఆ ఒక్క అంకెతో మొదలైంది.

జాగ్రత్త: మీ చేతిలో నోట్‌బుక్ చూడగానే టీచర్‌కు ఎంఈఓ తనిఖీ గుర్తొస్తుంది. టెన్షన్ మొదలవుతుంది. కార్బన్ పేపర్ ఇందుకే. మీరు రాసిందంతా రెండు కాపీలు పడుతుంది. బయల్దేరే ముందు పై కాగితం చించి టీచర్ చేతిలో పెట్టండి. "నా దగ్గర ఉన్నదీ ఇదే మేడం, వేరే ఏమీ రాసుకోలేదు" అనండి. ఈ ఒక్క పని చేస్తే సగం భయం పోతుంది.

2. లక్ష్యం ఇద్దరూ కలిసి రాయండి

ఐఈపీల్లో (ఒక్కో పిల్లవాడికి విడిగా రాసే విద్యా ప్రణాళికల్లో) "బాగా చదవగలగాలి", "మెరుగుపడాలి" అని రాసి ఉంటుంది. అది లక్ష్యం కాదు, దీవెన. ఇలా రాయండి:

"బస్సు, నీళ్లు, గుడ్డు, బడి, అమ్మ. ఈ ఐదు కార్డులు రెండేసి సార్లు చూపిస్తే 4 సెకన్లలో తనంతట తాను 10లో 8 చదవాలి. వరుసగా 3 రోజులు."

మాటలు పిల్లవాడి బతుకులోంచి తీసుకోండి. మధ్యాహ్న భోజనంలో గుడ్డు వస్తుంది, ఊరికి బస్సు వస్తుంది. చూడ్డానికి ఒకేలా ఉండే మాటలు మొదటి ఐదులో పెట్టకండి. చదివించే కార్డు మీద బొమ్మ వేయకండి. బొమ్మ ఉంటే పిల్లవాడు బొమ్మనే చదువుతాడు, అక్షరాల వైపు కన్నెత్తి చూడడు. బొమ్మ వేయాలనుకుంటే కార్డు వెనక వేసి, జవాబు చెప్పాక తిప్పి చూపించండి.

హొళగుంద, రాయదుర్గం, మడకశిర లాంటి సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కుంది. పాల బొమ్మ చూపిస్తే పిల్లవాడు "హాలు" అన్నాడు. టీచర్ తప్పు అని ఇంటూ కొట్టారు. వాడింట్లో కన్నడం, పాలను హాలే అంటారు. బొమ్మల పేర్లు చెప్పించేటప్పుడు ఇంటి భాష జవాబు సరైనదే అని ముందే టీచర్‌తో మాట్లాడి రాసిపెట్టుకోండి. ఉర్దూ ఇళ్ల పిల్లలకూ ఇంతే. తర్వాత తెలుగు మాట జోడించవచ్చు.

3. టీచర్ చేయాల్సిన పనిని ఐదు ముక్కలు చేయండి

కోచింగ్‌కు ఇదే ఆయువుపట్టు. "టైమ్ డిలే వాడండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఒక్కో కార్డుకు టీచర్ చేయాల్సింది ఇది:

1. పిల్లవాడు కార్డు వైపు చూసేదాకా ఆగాలి. చూడకుండా అడిగిన ప్రశ్న లెక్కలోకి రాదు.
2. "ఇదేంటి?" అని ఒక్కసారే అడగాలి. రెండోసారి వద్దు.
3. మాట్లాడకుండా ఆగాలి. కార్డులు మొదలుపెట్టిన రోజు 0 సెకన్లు, అంటే అడిగిన వెంటనే జవాబు తానే చెప్పాలి. రెండో రోజు నుంచి 4 సెకన్లు.
4. సరిగ్గా చెబితే వెంటనే ఏది బాగుందో చెప్పి మెచ్చుకోవాలి: "బస్సు అని నువ్వే చదివినావే!" చెప్పకపోతే జవాబు చెప్పి పిల్లవాడితో అనిపించాలి. తప్పు చెప్పినా అంతే. గద్దించకూడదు, మొహం చిట్లించకూడదు.
5. గుర్తు పెట్టాలి. తనే చెబితే టిక్కు, టీచర్ చెప్పాక అంటే సున్నా, తప్పు చెబితే ఇంటూ.

ఐదు కార్డులు రెండేసి సార్లు అంటే పది ప్రయత్నాలు. ఒక్కోదానికి ఐదు ముక్కలు, మొత్తం 50. టీచర్‌ను చూసేటప్పుడు మీరు గుర్తులు పెట్టే చెక్‌లిస్టు ఇదే. పని మొత్తం నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది.

మూడో ముక్క దగ్గరే అందరూ తప్పుతారు. టీచర్‌కు నాలుగు సెకన్లు నాలుగు గంటల్లా ఉంటుంది. నోరు ఊరుకోదు. "ఊ... బ... బ... చెప్పు నాన్నా, బ..." అంటూ సాయం చేసేస్తారు. అప్పుడు పిల్లవాడు నేర్చుకునేది "బస్సు" కాదు. ఊరికే ఉంటే మేడమే చెబుతుంది అని నేర్చుకుంటాడు. నేను చెప్పే చిట్కా, కాలి బొటనవేలు నేల మీద నెమ్మదిగా నాలుగుసార్లు తట్టడం. పెదాలు బిగించుకోవాలి. మొదటి వారం నవ్వొస్తుంది, తర్వాత అలవాటవుతుంది.

4. పిల్లవాడి మీద చేయకముందు మీ మీద చేయించండి

బడి వదిలాక, లేదంటే ఇంటర్వెల్‌లో మీరు పిల్లవాడిలా కూర్చోండి. మొదట మీరు టీచర్‌గా రెండు కార్డులు చేసి చూపించండి. తర్వాత టీచర్ చేతికి కార్డులివ్వండి. ఒకసారి సరైన జవాబు చెప్పండి. ఒకసారి ఏమీ చెప్పకండి. ఒకసారి తప్పు చెప్పండి, ఒకసారి కిటికీ బయటికి చూస్తూ కూర్చోండి. నాలుగు రకాలూ రావాలి, ఎందుకంటే క్లాసులో నాలుగూ వస్తాయి.

ఐదు ముక్కలూ వరుసగా మూడు కార్డులకు సరిగ్గా వచ్చేదాకా పిల్లవాడి దగ్గరికి పోవద్దు. సీనియర్ టీచర్లకు ఇది కొంచెం నామోషీగా ఉంటుంది. "ఇరవై ఏళ్ల సర్వీసు సార్ నాది" అన్నవాళ్లున్నారు. వాదించకండి. "నేనూ తప్పు చేస్తా మేడం, మీరు నాకు మార్కులు వేయండి" అని చెప్పి ముందు మీరే చేయండి. కావాలని ఒక తప్పు కూడా చేయండి. ఆమె పట్టుకుంటే ఐదు ముక్కలూ అర్థమైనట్టే.

5. ఇప్పుడు క్లాసులో చూడండి, నోరు విప్పకండి

"మీరే ఒకసారి చేసి చూపించండి సార్" అని టీచర్ అడుగుతారు. మీరు కార్డులు తీసుకుంటారు. టీచర్ ఏదో యాప్ అప్‌లోడ్ పనిలో పడతారు. పిల్లవాడు మీ దగ్గర బాగా నేర్చుకుంటాడు, మీరు వెళ్లిపోగానే మళ్లీ మూల. మన రంగంలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు ఇదే, నేనూ ఏళ్ల తరబడి చేశాను. భవిత సెంటర్‌లో పిల్లవాడు మీ పిల్లవాడే, అక్కడ మీరే చేయండి. బడిలో మాత్రం కార్డులు టీచర్ చేతిలోనే ఉండాలి. చూపించడం నాలుగో అంచెలోనే అయిపోయింది.

మధ్యలో సైగ కావాలంటే ముందే ఒకటి మాట్లాడుకోండి. మీరు పెన్ను పైకెత్తితే "ఆగండి" అని అర్థం. అంతకుమించి వద్దు. పిల్లల ముందు టీచర్‌ను సరిదిద్దారంటే, ఆ బడిలో మీ పని అక్కడితో సరి.

"మా రూంలో నలభై మంది ఉండారు సార్, వీడొక్కడి దగ్గరే కూర్చుంటే ఎట్లా?" ఇది న్యాయమైన మాట, కొట్టిపారేయకండి. మిగతా పిల్లలు రాసుకునే వేళ చూసి రెండు కార్డులు, భోజనానికి ముందు రెండు, హాజరు వేసేటప్పుడు ఒకటి. ఐదు కార్డులూ ఒకేసారి పూర్తి చేయాలని ఎక్కడా లేదు. పొద్దున ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత అయినా పది వస్తాయి. చూడ్డానికి మీరు వెళ్లే రోజు మాత్రం పదీ ఒకచోట చేయమని అడగండి.

పక్క పిల్లలు జవాబు అరిచేస్తారు, అది ఖాయం. పిల్లవాణ్ణి గోడవైపు తిప్పి, టీచర్ వాళ్లకు అడ్డంగా కూర్చుంటే కొంత తగ్గుతుంది. ఇంకా మంచిది, ఎక్కువగా అరిచే పిల్లనే పిలిచి కార్డులు చూపించే పని అప్పగించడం. ఐదు ముక్కలు ఆ పిల్లకూ నేర్పండి. తోటి పిల్లలతో నేర్పించడానికీ మంచి ఆధారాలున్నాయి. మూడో తరగతి పిల్లలు నాలుగు సెకన్లు మనకంటే బాగా ఆగుతారు, కాలివేలు చిట్కా వాళ్లకు ఆటలా ఉంటుంది.

6. ఆ రోజే, పది నిమిషాల్లో మాట్లాడండి

రేపటికి వాయిదా వేస్తే టీచర్‌కు ఏం చేశారో గుర్తుండదు. వరసగా:

ముందు అడగండి. "మేడం, మీకెట్లా అనిపించింది?" ఆమె మాట్లాడనివ్వండి. చాలాసార్లు తప్పు ఆమే చెబుతుంది.

తర్వాత అంకె చూపించండి. "పది కార్డుల్లో ఆరింటికి నాలుగు సెకన్లు ఆగినారు. పోయిన వారం రెండు." విశేషణాలు వద్దు. "సూపర్ మేడం" అంటే ఆమెకు ఏం బాగుందో తెలియదు. "తప్పు చెప్పినప్పుడు మీ గొంతు మారలేదు, వాడు బెదరలేదు" అంటే తెలుస్తుంది.

తర్వాత మార్చాల్సింది ఒక్కటి. మీ కాగితంలో ఐదు తప్పులున్నా చెప్పేది ఒకటే. ఏది చెప్పాలో తేల్చుకోలేకపోతే ఆగడం గురించే చెప్పండి.

ఆ ఒక్కదాన్నీ అక్కడికక్కడే ఒకటి రెండు కార్డులతో మళ్లీ చేయించండి. ఇది వదిలేస్తే మిగిలేది ఉపన్యాసమే. చివర మళ్లీ వచ్చే తేదీ, టైం రాసి ఇవ్వండి. ఆ రోజు తప్పకుండా వెళ్లండి.

ఈ మాటలు స్టాఫ్‌రూంలో నలుగురి ముందు వద్దు. హెచ్‌ఎం గదిలో అసలే వద్దు. మండలం వాట్సాప్ గ్రూపులో అంకెలు పెట్టకండి, మెచ్చుకోలుగా పెట్టినా సరే. ఒకరి 80 శాతం పక్క బడి టీచర్‌కు చురకలా తగులుతుంది.

7. లెక్క కట్టి చూడండి

50 ముక్కల్లో 31 సరిగ్గా పడితే 62 శాతం. 40 పడితే 80. వరుసగా మూడు వారాలు 80 దాటేదాకా వారం వారం వెళ్లండి. నూరు శాతం అడగకండి, క్లాసులో అది కుదరదు.

నోట్‌బుక్‌లో అదే పేజీ మీద రెండు గీతలు గీయండి. ఒకటి టీచర్ శాతం, రెండోది పిల్లవాడి టిక్కులు. మొదటి రోజు 0 సెకన్లు కాబట్టి టిక్కులు రావు, అన్నీ సున్నాలే. దాన్ని గ్రాఫులో వేయకండి, టీచర్ దిగులు పడతారు. ఈ రెండు గీతలూ పక్కపక్కన చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

టీచర్ గీత కిందే ఉంది, పిల్లవాడిదీ కిందే ఉంటే పద్ధతిని తప్పుబట్టకండి. పద్ధతి ఇంకా మొదలే కాలేదు. "ఆ టైమ్ డిలే మా పిల్లోడికి పనిచేయదు సార్" అని చెప్పేవాళ్ల కాగితాలు చూస్తే పదికి ఏడు చోట్ల ఆగనే లేదు. నాలుగో అంచెకు తిరిగి వెళ్లండి.

టీచర్ 80 దాటి రెండు వారాలైనా పిల్లవాడు కదలకపోతే తప్పు టీచర్‌ది కాదు, ఆ మాట ఆమెకు గట్టిగా చెప్పండి. అప్పుడు మీరు వెతకాల్సినవి వేరే. చెవి వినిపిస్తోందా? కళ్లజోడు ఉందా, ఉంటే పెట్టుకుంటున్నాడా? ఫిట్స్ మందు అయిపోయి ఇంట్లో కొత్తది తేలేదా? బడికి ఎన్ని రోజులు వచ్చాడు? మందుల సంగతి నేను చాలా ఆలస్యంగా అడిగిన సందర్భాలున్నాయి, మీరు ముందే అడగండి. ఇవన్నీ సరిగ్గా ఉంటే ఐదు కార్డుల్ని మూడు చేయండి. మెచ్చుకోలు మాట వాడికి ఇష్టంగా ఉందో లేదో చూడండి. కొందరికి చప్పట్లంటే భయం.

ఇంటూలు పదికి మూడు దాటుతుంటే పిల్లవాడు ఊహించి చెబుతున్నాడని అర్థం. ఒక రోజు మళ్లీ 0 సెకన్లకు వెళ్లి, "తెలియకపోతే ఊరికే ఉండు, నేను చెబుతా" అని నేర్పించి మళ్లీ 4కు రండి.

టీచర్ గీత కింద ఉండి పిల్లవాడిది పైకి పోతోందా? ఇంట్లో అక్క నేర్పిస్తోందేమో కనుక్కోండి. లేదా ఆ మాటలు వాడికి ముందే వచ్చు.

మీ లెక్క కూడా నమ్మదగినదో కాదో చూసుకోవాలి. నెలకొకసారి ఇంకో ఐఈఆర్‌పీని పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ విడివిడిగా గుర్తులు పెట్టండి. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. 50లో 43 చోట్ల ఇద్దరిదీ ఒకటే అయితే 86 శాతం, బాగుంది. 80 కంటే తగ్గితే మీ చెక్‌లిస్టులో మాటలు స్పష్టంగా లేవు. "బాగా మెచ్చుకున్నారు" అని రాసుంటే ఇద్దరికీ రెండు రకాలుగా కనిపిస్తుంది. "ఏ మాట సరిగ్గా చదివాడో ఆ మాట పేరు పెట్టి చెప్పారు" అని మార్చండి.

చదువు కాకుండా పని నేర్పాలంటే

తీవ్ర మేధో వైకల్యం ఉన్న పిల్లలకు కార్డుల కంటే ప్లేటు కడగడం ముందు కావాలి. అంచెలు అవే, చెక్‌లిస్టు మారుతుంది. టీచర్‌ను ముందు తనే ప్లేటు కడిగి, చేసిన ప్రతి చిన్న పనీ రాయమనండి: ప్లేటు తీసుకోవడం, మిగిలింది డబ్బాలో వేయడం, కుళాయి తిప్పడం, రుద్దడం, కడగడం, కుళాయి కట్టేయడం, నీళ్లు దులపడం, బోర్లించడం. ఇవి ఎనిమిది. గుర్తున్నవి రాస్తే "కుళాయి కట్టేయడం" ఎప్పుడూ మరిచిపోతారు, చేసి చూస్తేనే వస్తుంది.

చివరి ముక్కతో మొదలుపెట్టడం మంచిది. మొదటి ఏడూ టీచర్ సాయంతో, ప్లేటు బోర్లించడం మాత్రం పిల్లవాడు తనంతట తాను. అది వచ్చాక ఏడోది. ఇలా చేస్తే ప్రతిసారీ పని పూర్తి చేసిన తృప్తి వాడిదే అవుతుంది. ఇక్కడ అందరూ చేసే తప్పు, చెయ్యి పట్టుకుని చేయించడం మొదలుపెట్టి వదలకపోవడం. రేపు మణికట్టు, ఎల్లుండి మోచేయి, ఆ తర్వాత భుజం మీద వేలు, తర్వాత ఊరికే చూపు. సాయం ఇలా తగ్గుతూ పోతోందో లేదో చెక్‌లిస్టులో ఒక గడి పెట్టండి. పిల్లవాడు చెయ్యి వెనక్కి లాక్కుంటే వదిలేయాలి, బలవంతం వద్దు.

బడికి రాలేక ఇంటివద్ద విద్యలో ఉన్న పిల్లలకైతే టీచర్ స్థానంలో తల్లి ఉంటుంది, చాలా ఇళ్లలో అవ్వ ఉంటుంది. అవ్వ చదువుకోలేదని చెక్‌లిస్టు మానకండి. శనగ్గింజలు డబ్బాలో వేయమనండి. మనవడు తనే చేస్తే ఎర్ర డబ్బాలో ఒక గింజ, తను చేయిస్తే తెల్ల డబ్బాలో ఒకటి. మీరు వెళ్లినప్పుడు ఎంచుకోవచ్చు.

ఈ తప్పులు మాత్రం వద్దు

తిండిని బహుమతిగా ఇచ్చేముందు తల్లిని అడగండి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో కొందరికి మింగడం కష్టం. బొరుగులు, శనక్కాయలు, చిక్కీ గొంతులో అడ్డం పడతాయి. వాళ్లకు తిండి బహుమతి వద్దే వద్దు. పిల్లవాడికి హక్కుగా వచ్చే మధ్యాహ్న భోజనాన్ని, గుడ్డును "చదివితేనే ఇస్తా" అని ఎప్పుడూ ముడిపెట్టకూడదు. కొట్టడం, అవమానించడం విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. కోచింగ్ మధ్యలో అలాంటిది కంటపడితే అది చెక్‌లిస్టు విషయం కాదు, అప్పుడే ఆపాలి.

వీడియో తీసుకుంటే మంచిదే. టీచర్ తనను తాను చూసుకుంటే మీరు చెప్పాల్సింది సగం తగ్గుతుంది. కానీ తల్లిదండ్రుల రాతపూర్వక ఒప్పుకోలు తీసుకోండి. వీడియో టీచర్ ఫోన్‌లోనే ఉండాలి, చూశాక తీసేయాలి.

రెండో పద్ధతి తొందరపడి మొదలుపెట్టకండి. మొదటిది మూడు వారాలు 80 మీద నిలబడ్డాకే.

8. మెల్లగా తప్పుకోండి

80 నిలబడ్డాక పదిహేను రోజులకు ఒకసారి, తర్వాత నెలకు ఒకసారి వెళ్లండి. మధ్య వారాల్లో టీచరే తన చెక్‌లిస్టు నింపుకుంటారు. నెల తర్వాత మీ లెక్క, ఆమె లెక్క పక్కపక్కన పెట్టి చూడండి. ఆమెకు 90, మీకు 60 వస్తే మళ్లీ రెండు వారాలు వరసగా వెళ్లాలి. స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో ఆ టీచర్‌నే పది నిమిషాలు చేసి చూపించమని అడగండి. మీరు గంట మాట్లాడినదానికంటే పనిచేస్తుంది. అయితే ఆమె ఇష్టపడితేనే.

కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు పనిచేసేవాళ్లకు ఇంకో సంగతి. దీపావళి దాటాక పిల్లవాడు అమ్మానాన్నలతో సుగ్గికి పోతాడు. గుంటూరు వైపు పత్తి, మిరప కోతలు. ఊళ్లో వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టల్ ఉన్నా, ఈ పిల్లల్ని వదిలి వెళ్లడానికి తల్లులు ఒప్పుకోరు, వాళ్ల భయంలో అర్థం ఉంది. పోయే ముందురోజు ఐదు కార్డులు ప్లాస్టిక్ కవర్లో పెట్టి తల్లికివ్వండి, నాలుగు సెకన్లు ఆగడం ఒక్కటి చేసి చూపించండి. ఆ రోజు టిక్కులు ఎన్నో నోట్‌బుక్‌లో తేదీతో రాసుకోండి. తిరిగొచ్చాక మొదటి రోజు ఏ సాయం లేకుండా అవే పది ప్రయత్నాలు చేయించి, పాత అంకెతో పోల్చండి. 6 కంటే తగ్గితే మర్నాడు 0 సెకన్లతో మళ్లీ మొదలు. టీచర్‌కూ మూడు నెలల గ్యాప్ వచ్చింది కదా, ముందు ఆమెతో రెండు కార్డులు మీ మీద చేయించండి.